సిలిండర్ ముల్లు 60 దగ్గర ఉన్న రాత్రి

మా ఇంట్లో రాత్రింబవళ్ళు ఒక చప్పుడు ఉంటుంది. కొన్ని సెకన్లకోసారి బుస్సుమని గాలి వదిలే చప్పుడు, దాని అడుగున సన్నగా మోటారు హోరు. కొత్తలో ఆ చప్పుడుకి నిద్ర పట్టేది కాదు. రెండేళ్ళు గడిచాక ఇప్పుడు అది ఆగితేనే మెలకువ వస్తుంది. అది నా ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్. నాకు సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే జబ్బు. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున ముక్కు గొట్టంతో ఆక్సిజన్ తీసుకుంటాను. రాత్రి పడుకునేటప్పుడు బైపాప్ మాస్కు కూడా పెట్టుకుంటాను, అది ఊపిరికి తోడుగా గాలి నెట్టే మెషీన్. గొట్టం పొడవు ఏడు మీటర్లు. అది ఎంత దూరం వస్తే నేనూ అంత దూరమే తిరుగుతాను.

ఆ రోజు సాయంత్రం నుంచీ ఈదురుగాలి. రాత్రి 8:40కి కరెంటు పోయింది. చీకటి కమ్మగానే మెషీన్ గట్టిగా, ఆపకుండా కూత పెట్టింది. కరెంటు అందడం లేదని చెప్పే అలారం అది. మా ఆయన పరుగున వచ్చి మెషీన్ ప్లగ్గు తీసి ఇన్వర్టర్ సాకెట్లో పెట్టారు. మళ్ళీ బుస్సుమన్న చప్పుడు మొదలైంది. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. ఇన్వర్టర్ మూడు గంటలు వస్తుందని మా నమ్మకం. బిగించినప్పుడు ఆ మనిషి అలాగే చెప్పాడు. అతను చెప్పింది ఫ్యాన్ల గురించి, లైట్ల గురించి. అప్పటికి మా ఇంట్లో ఈ మెషీనే లేదు. ఆ సంగతి మాకు ఆ రాత్రి దాకా తట్టలేదు.

మెషీన్ వెనక అతికించిన చీటీ మీద 350 వాట్లు అని ఉంటుంది. రెండేళ్ళు పక్కనే కూర్చున్నా ఒక్కసారి కూడా ఆ అంకె చదవలేదు. ఫ్యాన్ 70, 80 వాట్లు తింటే ఇది నాలుగైదు ఫ్యాన్ల పెట్టు. పైగా ఆ రాత్రి రెండు ఫ్యాన్లు, టీవీ కూడా ఇన్వర్టర్ మీదే నడిచాయి. బ్యాటరీకి నాలుగేళ్ళు దాటాయి. అందులో డిస్టిల్డ్ వాటర్ పోసి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తు లేదు. సరిగ్గా 50 నిమిషాలకి ఇన్వర్టర్ కీచుమంది. ఆ కూత తర్వాత ఐదు నిమిషాలు కూడా ఆగలేదు.

కాన్సన్‌ట్రేటర్లో ఆక్సిజన్ నిల్వ ఉండదని చాలామందికి తెలియదు. మా బంధువులు కూడా అందులో గ్యాస్ నింపుతారనే అనుకుంటారు. అది గదిలో గాలినే లోపలికి లాగి, జియోలైట్ అనే గుళికల గుండా ఒత్తిడితో పంపి, నైట్రోజన్‌ను అక్కడ పట్టి ఉంచుతుంది. మిగిలింది మనకి ఇస్తుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. మెషీన్ నుంచి వచ్చే దాంట్లో 90 శాతానికి అటూ ఇటూ. మోటారు ఆగిన క్షణమే అదంతా ఆగిపోతుంది. ఆ గొట్టం ముక్కుకి పెట్టుకున్నా ఒకటే, తీసేసినా ఒకటే. తిరిగి మొదలుపెట్టాక కూడా గాలి పూర్తి చిక్కదనానికి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది.

తలుపు వెనక ఒక సిలిండర్ ఉంది. పది లీటర్లది, నడుము దాకా వచ్చే బి టైప్ సిలిండర్. "సిలిండర్ ఉందిగా, భయపడకు" అని ఆయన దాన్ని మంచం దగ్గరికి దొర్లించుకొచ్చారు. తీరా చూస్తే వాల్వు తిప్పే తాళం కనిపించలేదు. చిన్న ఇనప ముక్క. అది లేకపోతే నిండు సిలిండర్ ఉన్నా లేనట్టే. ఆయన సొరుగులన్నీ లాగి కింద కుమ్మరిస్తున్నారు. చీకట్లో కనపడక కొవ్వొత్తి కోసం అగ్గిపెట్టె తీశారు.

"వద్దండీ" అని అరిచాను. నిజానికి నా నోట్లోంచి వచ్చింది అరుపు కాదు, గొణుగుడు. అప్పటికే మాట్లాడటానికి ఊపిరి చాలడం లేదు. ఆక్సిజన్ వాడే గదిలో నిప్పు ఉండకూడదు. బట్టలకి, దుప్పటికి ఆక్సిజన్ పట్టి ఉంటుంది. చిన్న నిప్పురవ్వ పడినా మామూలు కంటే ఎంతో వేగంగా అంటుకుంటుంది. ఆయనకి తెలియక కాదు. కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించడం మనందరికీ చిన్నప్పటి నుంచీ చేతి అలవాటు. కంగారులో చెయ్యి అలవాటు వెంటే పోతుంది. అగ్గిపెట్టె జేబులో పెట్టేసుకుని ఫోన్ టార్చి వేశారు.

తాళం రెంచీల డబ్బాలో దొరికింది. ఈసారి వాల్వు తిరగదు. ఎవరో బాగా బిగించి వదిలారు. ఆయన కుట్టుమెషీన్ నూనె డబ్బా అందుకోబోయారు. మళ్ళీ చెయ్యి పట్టుకున్నాను. సిలిండర్లో ఆక్సిజన్ ఎంతో ఒత్తిడి మీద ఉంటుంది. దానికి నూనె గానీ గ్రీజు గానీ తగిలితే దానంతటదే మండి పేలే ప్రమాదం ఉంది. సిలిండర్ తెచ్చినప్పుడు ఇచ్చిన కాగితం మీద మొదటి వాక్యమే అది. చేతికి నూనె ఉన్నా తుడుచుకున్నాకే వాల్వు ముట్టుకోవాలి. చివరికి తాళానికి పొడి గుడ్డ చుట్టి రెండు చేతులా బలంగా తిప్పితే కదిలింది.

కరెంటు పోయి అప్పటికి గంటా పది నిమిషాలు. ఇన్వర్టర్ ఆగిపోయి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు నేను చేసింది ఒకటే. మంచం అంచున కూర్చుని, ముందుకి వంగి, మోచేతులు తొడల మీద ఆనించి, ముక్కుతో లోపలికి పీల్చి, ఈల వేసేటప్పుడు పెదాలు ఎలా చుడతామో అలా చుట్టి మెల్లగా బయటికి వదలడం. పీల్చేటప్పుడు రెండు అంకెలు, వదిలేటప్పుడు నాలుగు. ఫిజియోథెరపిస్టు నేర్పినప్పుడు దీనివల్ల ఏమవుతుందిలే అనుకున్నాను. పెదాలు అలా ముడిచి వదిలితే ఊపిరితిత్తుల్లో సన్న గొట్టాలు ముందే మూసుకుపోకుండా ఉంటాయి, లోపల చిక్కుకున్న గాలి బయటికి పోతుంది. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి పెట్టుకునే ఉన్నాను. 91 నుంచి 86 అయింది. తర్వాత 83. ఆ అంకె చూస్తుంటే గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటోందని మీటర్ తిప్పి పెట్టాను.

గొట్టం సిలిండర్‌కి తగిలించాక అంకె నెమ్మదిగా ఎక్కడం మొదలైంది. అప్పుడు ఆయన టార్చి గేజ్ మీద వేశారు. ముల్లు 60 దగ్గర ఉంది.

నిండు సిలిండర్‌కి 150 బార్ల దాకా ఉండాలి. ఆరు నెలల కిందట హాస్పిటల్‌కి వెళ్ళినప్పుడు కారులో వాడాం, మళ్ళీ నింపించలేదు. ఇంట్లో సిలిండర్ ఉందన్న ధైర్యంతో గడిపేశాం, అందులో ఎంత ఉందో చూడలేదు.

ఆయన నా ముఖం చూసి ఫ్లో నిమిషానికి నాలుగు లీటర్లకి పెంచబోయారు. నేను కాదన్నాను. నా జబ్బులో ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. మనిషి హాయిగా ఉన్నట్టే ఉండి మగతలోకి జారిపోతుంది. ఆక్సీమీటర్ మీద అంకె మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది కార్బన్ డయాక్సైడ్‌ను కొలవదు. నాకు డాక్టర్ పెట్టిన హద్దు 88 నుంచి 92. అంతకు మించి అక్కర్లేదు. ఇంకెవరికైనా హద్దు వేరే ఉంటుంది. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు ఉన్నవాళ్ళకి ఈ లెక్క పనికిరాదు. ఎవరి హద్దు వాళ్ళ డాక్టర్‌ని అడిగి ముందే రాసి పెట్టుకోవాలి, ఇలాంటి రాత్రి అడిగే ఓపిక ఉండదు.

"ఇది ఎంతసేపు వస్తుంది?" అన్నాను. ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ రాత్రంతటిలో నాకు అన్నిటికంటే భయం వేసింది అప్పుడే. 83 చూసినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

ఫోన్ సిగ్నల్ ఇంకా ఉంది. మా డాక్టర్ ఎత్తారు. ముందు నన్ను రెండు పూర్తి వాక్యాలు మాట్లాడించారు. మాట తడబడుతోందో లేదో వినడానికని తర్వాత తెలిసింది. ఆ తర్వాత లెక్క చెప్పారు. సిలిండర్ ఎన్ని లీటర్లదో దాన్ని ముల్లు చూపించే అంకెతో గుణించాలి. పది ఇంటూ 60, అంటే 600 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి రెండు లీటర్లు వాడితే 300 నిమిషాలు. ఐదు గంటలు. మా ఆయన పేపరు అంచున రాసి చూపించారు. రాత్రి 2:50 దాకా. నిజంగా, ఆ అంకె చూశాక నా భుజాలు కిందికి దిగాయి. ఐదు గంటలు చాలని కాదు. ఇప్పుడు ఒక గడువు ఉంది, దాన్ని బట్టి ఏదో ఒకటి చెయ్యొచ్చు.

డాక్టర్ ఇంకో మాట కూడా చెప్పారు. "అమ్మా, మీకు రోజుకి కనీసం 15 గంటలు ఆక్సిజన్ కావాలన్నాం. కదలకుండా కూర్చుంటే కాసేపు తక్కువైనా తట్టుకుంటారు. కంగారుకే సగం ఆక్సిజన్ ఖర్చయిపోతుంది." ఆ 15 గంటల లెక్క ఎక్కడిదా అని తర్వాత చదివాను. 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో నాలాంటి రోగుల మీద జరిగిన రెండు ముఖ్యమైన పరిశోధనల నుంచి వచ్చింది. రోజులో ఎక్కువ గంటలు ఆక్సిజన్ తీసుకున్నవాళ్ళు ఎక్కువ కాలం బతికారని వాటిలో తేలింది. ఇలాంటి ఓదార్పు అందరికీ వర్తించదు. గొంతులో గొట్టంతో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి నిమిషాలే ప్రాణం. వాళ్ళ ఇంట్లో చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ మంచం మీదే ఉండాలి, దాన్ని నొక్కడం కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి.

10:30కి డాక్టర్ చెప్పినట్టే ఫ్లో ఒకటిన్నరకి తగ్గించి చూశాం. కదలకుండా ఉంటే 89 నిలిచింది. అలా వాడితే గడువు ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. అయినా చివరి గంట దాకా ఆగొద్దన్నారు డాక్టర్. ముల్లు 30కి రాగానే కరెంటు కోసం చూడకుండా బయలుదేరమన్నారు. అంతకు ముందే మగతగా అనిపించినా, తల బరువెక్కినా, పెదాలు నీలంగా మారినా అప్పుడే రమ్మన్నారు. ఆ నిర్ణయం 10:30కే అయిపోవడం మా ఇద్దరికీ ఎంత మేలు చేసిందో. లేకపోతే ప్రతి పది నిమిషాలకీ వెళ్దామా, ఉందామా అని కొట్టుకునేవాళ్ళం.

కరెంటు ఆఫీసుకి ఎన్నిసార్లు చేసినా లైను దొరకలేదు. దొరికినప్పుడు చెట్టు పడి తీగలు తెగాయి, తెల్లవారాకే అన్నారు. మా అబ్బాయి వేరే ఊళ్ళో ఉంటాడు. వాడికి చెప్పాలా వద్దా అని ఆయన ఆలోచిస్తుంటే చెప్పమన్నాను. ఇక్కడ ఏమీ చెయ్యలేకపోయినా, వాడు అక్కడి నుంచి సిలిండర్లు ఇచ్చేవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. ఎవరూ ఎత్తలేదు.

కింది వాటాలో అబ్బాయి ఇద్దరు మిత్రులతో చిన్న జనరేటర్ మోసుకొచ్చాడు. "ఆంటీ, బాల్కనీలో పెట్టి నడుపుదాం" అన్నాడు. ఆ మంచితనానికి నాకు కళ్ళు చెమర్చాయి, కానీ వద్దనే చెప్పాం. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. బాల్కనీలో పెడితే తెరిచిన తలుపులోంచి గదిలోకే వస్తుంది. ఆరుబయట, కిటికీలకి దూరంగా పెట్టాలంటే రెండు అంతస్తుల కింద పెట్టాలి. అంత పొడవు మంచి కేబుల్ ఎవరి దగ్గరా లేదు. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగలు ఒకదానికొకటి తగిలిస్తే ఓల్టేజీ పడిపోతుంది, తీగ వేడెక్కుతుంది. కారు సాకెట్ నుంచి నడపలేమా అని కూడా అడిగాడు. అది సాధారణంగా 120, 150 వాట్లకి మించి ఇవ్వదు. నా మెషీన్‌కి 350 కావాలి. "అయితే ఆంటీ, కారు గుమ్మం ముందు తిప్పి పెడతాను, ఎప్పుడంటే అప్పుడు వెళ్దాం" అన్నాడు. ఆ రాత్రి మాకు అక్కరకొచ్చింది అదే.

నేను నిద్రపోకూడదు. బైపాప్ లేకుండా పడుకుంటే నాకు కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు. అరగంటకోసారి ఆయన తేదీ అడిగారు, మనవడి పుట్టినరోజు అడిగారు, ముల్లు చూసి టైము పక్కన రాశారు. పన్నెండు దాటాక ఫోన్ సిగ్నల్ కూడా పోయింది. టవర్లకీ బ్యాటరీలే కదా, అవీ అయిపోతాయి. అప్పటికే మాట్లాడాల్సిన వాళ్ళందరితో మాట్లాడేశాం కాబట్టి సరిపోయింది.

12:55కి ముల్లు 30 మీదికి వచ్చింది. బయలుదేరాం.

రెండు అంతస్తులు దిగాలి. లిఫ్టు లేదు. నడిస్తే నాకు 80 కిందికి పడిపోతుంది. కుర్చీలో కూర్చోబెట్టి ముందు ఇద్దరు, వెనక ఒకరు పట్టుకున్నారు. ఆయన సిలిండర్ ఎత్తుకుని నా వెనకే ఒక్కో మెట్టూ దిగారు. గొట్టం ఎక్కడా లాగకుండా ఇద్దరం దాని మీదే కళ్ళు పెట్టుకున్నాం. డాక్టర్ ముందే చెప్పి ఉన్నారు కాబట్టి మెట్ల మీద మాత్రం ఫ్లో మూడు పెట్టాం. కారులో సిలిండర్ దొర్లకుండా ఆయన కాళ్ళ మధ్య పట్టుకున్నారు, అద్దాలు కొంచెం దించారు.

హాస్పిటల్లో మణికట్టు దగ్గర రక్తం తీసి చూశారు. నాకు మామూలుగా 52 ఉండే కార్బన్ డయాక్సైడ్ 58కి వచ్చింది. బైపాప్ పెట్టి తెల్లవారేదాకా ఉంచారు. ఇంకో రెండు గంటలు ఇంట్లోనే కూర్చుని ఉంటే మాటా ముద్దగా వచ్చేదన్నారు. కరెంటు ఉదయం ఏడు దాటాక వచ్చింది.

ఆ తర్వాత నెల రోజుల్లో ఇంట్లో చాలా మార్చాం. ముందుగా చేసింది ఒక పరీక్ష. పట్టపగలు, నిండు సిలిండర్ పక్కన పెట్టుకుని, మెయిన్ ఆపేసి మెషీన్ ఎంతసేపు నడుస్తుందో గడియారం పెట్టి చూశాం. పాత బ్యాటరీ మీద 50 నిమిషాలు. రెండు కొత్త 12 ఓల్టుల, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు, ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ పెట్టించాం. మోటారున్న ఇలాంటి మెషీన్లకి చవకరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు మంచివి కావు. కాగితం మీద లెక్క వేస్తే 3,600 వాట్ అవర్లు, అంటే పది గంటలు. మళ్ళీ మెయిన్ ఆపి చూస్తే ఆరున్నర గంటలు వచ్చింది. ఇన్వర్టర్ తినేది కొంత, బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకుండానే అది ఆపేసేది కొంత. మేం ఆరు అనే రాసుకున్నాం. ఆ లైను మీద ఇప్పుడు మెషీన్లు తప్ప ఇంకేమీ లేవు, ఫ్యాన్ కూడా.

బైపాప్ అంత కరెంటు తినదు. తినేదంతా దానికున్న నీళ్ళ గిన్నె హీటర్. కరెంటు పోయిన రాత్రి హీటర్ ఆపేస్తే ముక్కు కాస్త పొడిబారుతుంది కానీ బ్యాటరీ ఎన్నో గంటలు ఎక్కువ వస్తుంది. మందుని పొగమంచులా చేసి ఇచ్చే నెబ్యులైజర్‌కి బదులు స్పేసర్‌తో, అంటే ఇన్హేలర్‌కి తగిలించే బోలు డబ్బాతో, ఇన్హేలర్ వాడమని డాక్టర్ రాసిచ్చారు. దానికి కరెంటే అక్కర్లేదు.

సిలిండర్లు ఇప్పుడు రెండు. గోడకి గొలుసుతో కట్టి నిలబెట్టాం. తాళం సిలిండర్ మెడకే తాడుతో కట్టి ఉంది. ప్రతి ఆదివారం ఆయన వాల్వు తెరిచి ముల్లు చూసి, మూసేసి, అంకె రాస్తారు. గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక కాగితం: ముల్లు ఇంటూ పది, భాగించు ఫ్లో. దాని కింద రెండో వాక్యం: నిప్పు వద్దు, నూనె వద్దు. ఇంటికి ఎవరొచ్చినా చదివిస్తాను.

డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి కరెంటు ఆఫీసుకి ఒక ఉత్తరం కూడా ఇచ్చాం. బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఇలా మెషీన్ల మీద బతికే వాళ్ళ పేర్లు కరెంటు కంపెనీల దగ్గర నమోదు చేసుకునే పద్ధతి ఉంది. ముందే తెలిసిన కోతలైతే కబురు పెడతారు. పేరు రాసుకున్నంత మాత్రాన గాలివానకి తీగలు తెగకుండా ఉండవు. అయినా ముందు రోజు తెలిస్తే బ్యాటరీ నిండుగా ఉందో లేదో చూసుకోవచ్చు, ముల్లు చూసుకోవచ్చు. నాలాంటి వాళ్ళు ఉన్న ప్రతి చోటా అలాంటి జాబితా ఉండాలని గట్టిగా అనుకుంటాను. మా ఉత్తరం తీసుకున్న అమ్మాయి చదివి, ఫోన్ నంబరు రెండుసార్లు సరిచూసుకుని రాసుకుంది.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మళ్ళీ పోయింది. మెషీన్ ఒక్క క్షణం కూత పెట్టి, ఇన్వర్టర్ అందుకోగానే మళ్ళీ బుస్సుమంది. గడియారం చూసి 2:10 అని నోట్‌బుక్‌లో రాశాను. ఆయన భోజనం మధ్యలో లేచి వచ్చి, నా అంకె చూసి, సిలిండర్ మెడకి కట్టిన తాళం ఒకసారి ముట్టుకుని వెళ్ళారు. 4:20కి కరెంటు వచ్చింది. రెండు గంటల పది నిమిషాలు. ఆక్సిజన్ 91.